హత్సుయే మామ్మగారి నిండు బకెట్

తెల్లవారగానే మా పక్కింటి హత్సుయే మామ్మగారు చేసే మొదటి పని బకెట్ నింపడం. మొహం కడుక్కున్నాక, టీ తాగకముందు. ఆవిడ గుమ్మానికి కుడిపక్కన ఒక రేకు బకెట్ ఉంటుంది. ముందురోజు పట్టిన నీళ్ళు తీసుకెళ్ళి నిమ్మచెట్టు మొదట్లో పోస్తారు. అరచేత్తో బకెట్ లోపల చుట్టూ ఒకసారి రుద్ది, కుళాయి కింద పెట్టి, అంచుకు వేలెడు తక్కువగా నింపుతారు. రెండు చేతులా పట్టుకుని, నాలుగడుగులకొకసారి దించి ఊపిరి తీసుకుంటూ, మళ్ళీ గుమ్మం దగ్గరకు తెచ్చి పెడతారు. ఆఖర్న పిడిని వీధి వైపుకు వాలుస్తారు. వీధిలోంచి ఎవరు పరిగెత్తుకొచ్చినా తడుముకోకుండా పిడి చేతికి అందాలని ఆవిడ లెక్క. అదంతా అయ్యాక లోపలికి వెళ్ళి టీ పెట్టుకుంటారు. మొన్న జులై దాకా రోజూ ఇదే వరస.

ఆవిడకు తొంభై రెండేళ్ళు. జపాన్‌లో పుట్టి, ఇరవై ఒకటో ఏట ఓడెక్కి ఆస్ట్రేలియా వచ్చారు. భర్త నార్మన్ గారు పోయి పంతొమ్మిదేళ్ళయింది. ఒక్కడే కొడుకు, గ్రెగ్, పెర్త్‌లో ఉంటాడు. ఆయనకీ డెబ్బై దగ్గర పడుతోంది. నేను మా వంటింట్లో దేవుడి దగ్గర దీపం వెలిగించే వేళకు సరిగ్గా పక్కింటి కుళాయి విప్పిన చప్పుడయ్యేది. ఆ చప్పుడు వినపడితే నాకు రోజు మంచిగా మొదలైనట్టు.

ఆవిడతో మా పరిచయం మాత్రం అంత మంచిగా మొదలవలేదు.

ఆరేళ్ళ కిందట మే నెలలో మా అబ్బాయి సుమంత్, కోడలు అపూర్వ సిడ్నీలో ఈ క్వేకర్స్ హిల్ ఇల్లు కొన్నారు. వాళ్ళ నాన్నగారు పోయాక నేనూ పిల్లల దగ్గరికే వచ్చేశాను. గృహప్రవేశానికి పొద్దున్న ఐదూ నలభైకి ముహూర్తం దొరికింది. పురోహితులు రామానుజం గారు. వారంలో ఐదు రోజులు పారమట్టాలో ఆఫీసు ఉద్యోగం, శని ఆదివారాలు పౌరోహిత్యం. హోమం హాల్లో చేసుకుందామని నేనంటే సుమంత్ ససేమిరా అన్నాడు.

"స్మోక్ అలారం మోగిందంటే వీధి వీధంతా లేస్తుందమ్మా. గ్యారేజీలో చేద్దాం. షట్టర్ సగం ఎత్తి పెడితే పొగ బయటికి పోతుంది."

"కొత్తింట్లో మొదటి హోమం కారు పెట్టుకునే చోట్లోనా నాయనా?"

రామానుజం గారు నవ్వారు. "ఈ దేశంలో అగ్నిదేవుడికి గ్యారేజీ అలవాటైపోయిందమ్మా. ఆయనేం అనుకోడు. మీరు కూర్చోండి."

ఇంకా సరిగ్గా వెలుగు రాలేదు. నెయ్యి పడి మంట లేస్తోంది. సమిధలు కొంచెం పచ్చివేమో, పొగ దట్టంగా లేచి షట్టర్ కింది నుంచి వీధిలోకి పోతోంది. రామానుజం గారు కళ్ళు మూసుకుని మంత్రం చెబుతున్నారు. అంతలో షట్టర్ కింది నుంచి ఒక ముసలావిడ వంగి లోపలికి వచ్చింది. రాత్రి గౌను మీద స్వెట్టరు, కాళ్ళకు చెప్పులు లేవు, చేతుల్లో బకెట్. "ఫైర్! అవుట్! అందరూ అవుట్!" అని ఒక్క కేక పెట్టి, బకెట్‌లో నీళ్ళన్నీ ఒక్క విసురున హోమగుండంలో గుమ్మరించింది.

చుయ్యిమని శబ్దం. రామానుజం గారి పంచె మీద తడి బూడిద. అపూర్వ పట్టుచీర కుచ్చిళ్ళు తడిసిపోయాయి. అప్పుడు సుమంత్ స్నేహితుడు భానుప్రసాద్ వెనక నుంచి అన్నాడు:

"ఒరే సుమంత్, ట్రిపుల్ జీరోకి కాల్ చేసినా ఫైరింజన్ ఇంత ఫాస్ట్‌గా రాదురా!"

"అన్నయ్యా, మీరు ఊరుకోండి," అంది అపూర్వ. కానీ తనకే నవ్వు ఆగడం లేదు.

నాకు నవ్వు రాలేదు. నిజం చెప్పాలంటే నా మనసులోకి ఆవిణ్ణి గురించి ఒక చెడ్డమాట కూడా వచ్చింది. కొత్తింట్లో మొదటి అగ్ని అలా ఆరిపోయింది. పిల్లలకు ఏ కీడు జరుగుతుందో అనుకున్నాను. ఆవిడేమో అప్పుడు చుట్టూ చూసింది. పూలు, పసుపు, కొబ్బరికాయలు, పీటల మీద కూర్చున్న మనుషులు. సంగతి అర్థమై మొహం పాలిపోయింది. నడుము దాకా వంగి, "సారీ, సారీ" అంటూ వెనక్కి వెనక్కి నడిచి షట్టర్ బయటికి వెళ్ళి అక్కడే నిలబడిపోయింది. ఇంటికి వెళ్ళమన్నా వెళ్ళదు.

రామానుజం గారు పంచె దులుపుకున్నారు. నా మొహం చూసి నెమ్మదిగా అన్నారు, "అమ్మా, ఇల్లు కొన్న మొదటి రోజే, ఇల్లు కాలుతోందనుకుని ఈ వయసులో బకెట్ మోసుకొచ్చిన పొరుగు దొరికింది మీకు. ఇంతకంటే ఏ శుభం కావాలి? గుండం తుడిచి మళ్ళీ వెలిగిద్దాం, టైముంది. ముందు ఆ పొంగించిన పాలు తీసుకెళ్ళి ఆవిడకివ్వండి."

గ్లాసు తీసుకుని బయటికి వెళితే, ముందు ఆవిడ పాదాలు కనపడ్డాయి. మంచుకు చల్లబడ్డ సిమెంటు మీద ఉత్త కాళ్ళు వణుకుతున్నాయి. నా మనసులోకి వచ్చిన మాటకు అప్పుడు సిగ్గేసింది. కుర్చీ తెచ్చి వేశాను. కొత్తింట్లో పొంగించిన పాలు మొదట తాగింది ఆవిడే.

మర్నాడు పొద్దున్నే ఆవిడ మా తలుపు తట్టారు. ఒక చేతిలో నిమ్మకాయల బుట్ట, ఇంకో చేతిలో సన్నటి ఎండుపుల్లల కట్ట. కట్టకు దారం చుట్టి ముడేశారు. తను మా కట్టెలు తడిపేసింది కాబట్టి వాటికి బదులట. ఆ పుల్లల్ని నేను పారెయ్యలేదు. మా దేవుడి గూటి కింద ఇప్పటికీ ఉన్నాయి.

నిమ్మకాయలు తీసుకుని బుట్టలో నాలుగు అరిసెలు పెట్టి ఇచ్చాను. ఖాళీ గిన్నె వెనక్కి పంపకూడదని మా అమ్మ నేర్పింది. తీరా చూస్తే వాళ్ళమ్మా ఆవిడకు అదే నేర్పిందట. ఇంకేముంది, ఆ రోజు మొదలైన గిన్నె మా రెండిళ్ళ మధ్య ఆరేళ్ళుగా ఆగలేదు. నేను పులిహోర పంపితే అది ఊరవేసిన ముల్లంగి అయి తిరిగొస్తుంది. ముల్లంగి గిన్నె సున్నుండలై వెళుతుంది.

"మీలో ఎవరో ఒకరు ఆపకపోతే ఇది ఎండ్ అవదత్తయ్యా," అంటుంది అపూర్వ.

ఆవిడ ఇంగ్లీషు, నా ఇంగ్లీషు ఒకే బడిలో సగంలో మానేసినట్టుంటాయి. అందుకే మాకు ఒకరి మాట ఒకరికి ఇట్టే అర్థమవుతుంది. సుమంత్ నన్ను అమ్మా అని పిలవడం విని ఆవిడ నన్ను "అమ్మా-సాన్" అంటారు. సాన్ అంటే మన గారు లాంటిది. నన్ను అమ్మ అనడానికి నేనేమో ఆవిడకంటే పాతికేళ్ళు చిన్నదాన్ని. నేను మామ్మగారూ అంటాను.

కొంచెం కొంచెంగా ఆవిడ కథ తెలిసింది. పుట్టింది కురె అనే రేవు పట్నం. హిరోషిమాకు దగ్గర. అక్కడ యుద్ధనౌకలు కట్టేవారు. యుద్ధం అయిపోయాక ఆస్ట్రేలియా సైన్యం ఆ ఊళ్ళోనే మకాం పెట్టింది. సైనికుల లాండ్రీలో చొక్కాలు ఇస్త్రీ చేసే పనిలో ఉండగా నార్మన్ గారు చూశారు. "రోజూ చొక్కా నలిపి తెచ్చేవాడు. ఒకే మనిషి చొక్కా అన్నిసార్లు నలగదని నాకు తెలుసు," అని చెప్పి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. ఇక్కడికి వచ్చాక బ్లాక్‌టౌన్‌లో ముప్ఫై ఏళ్ళు ఇస్త్రీ పనే చేశారు.

వచ్చిన కొత్తలో జనం బాగా చూశారా అని ఒకసారి అడిగాను. వీధిలో ఒకావిడ తమ్ముడు జపాన్ వాళ్ళ చెరలో చనిపోయాడట. నాలుగేళ్ళు ఈవిడ మొహం చూడలేదు. గ్రెగ్‌కు ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చిన రోజు, ఆవిడే చెప్పకుండా తలుపు తోసుకుని ఐసుగడ్డ తెచ్చి పిల్లాడి తల దగ్గర కూర్చుంది. మామ్మగారు ఆ నాలుగేళ్ళ గురించి ఒక్క మాటే చెప్పారు. ఆ ఐసుగడ్డ గురించి మాత్రం అరగంట చెప్పారు. అది ఏ గుడ్డలో చుట్టి ఉందో కూడా.

బకెట్ సంగతి నేను అడగలేదు. అడక్కుండానే తెలుసనుకున్నాను. యుద్ధంలో బాంబులు పడ్డ ఊరు, మంటలు చూసిన పిల్ల, ఆ భయం వదల్లేదు పాపం అనుకున్నాను. అలా అనుకోవడమే ఈ ఏడాది ఆవిడకు ఎంత చేటు తెచ్చిందో చెబుతాను.

జులై నెల. గడ్డి మీద మంచు పేరుకున్న పొద్దున. కుళాయి చప్పుడు వినపడింది గానీ ఆగలేదు. ఎంతకీ ఆగకపోయేసరికి వెళ్ళి చూశాను. గుమ్మం ముందు నీళ్ళు, దొర్లిపోయిన బకెట్, పక్కన కూర్చుండిపోయిన మామ్మగారు. కుడి మణికట్టు విరిగింది. నన్ను చూసి ఆవిడ అన్న మొదటి మాట, "అమ్మా-సాన్, ముందు కుళాయి కట్టెయ్యి. నీళ్ళు వృథా."

కట్టు కట్టించుకుని ఇంటికొచ్చేసరికి పెర్త్ నుంచి గ్రెగ్ దిగాడు. మంచివాడు. తల్లికి అన్నం కలిపి స్పూనుతో పెట్టేవాడు. చెత్త డబ్బాలు బయట పెట్టే రోజున మావి కూడా లాగి పెట్టేవాడు. రెండో రోజు కంచె దగ్గర నన్ను పిలిచి అడిగాడు: "అమ్మా, మీరు రోజూ చూస్తారు కదా. ఈ వయసులో కూడా ఆ బకెట్లేంటి? మమ్ మనసు బాగానే ఉందా?"

నాకొచ్చిన ఇంగ్లీషులో, జాలిపడుతూ చెప్పాను. "భయం. యుద్ధం భయం. రోజూ బకెట్. ఒకసారి మా దేవుడి మంట కూడా ఆర్పేసింది, పాపం."

అతను తల ఊపాడు. కళ్ళు తుడుచుకున్నాడు. నేను ఒక కొడుక్కి తల్లి బాధ తెలియజెప్పానని తృప్తిగా ఇంట్లోకి వచ్చాను.

ఆ మర్నాడు, ఆవిడ ఒంటరిగా ఉండగలరో లేదో తేల్చడానికి ప్రభుత్వం తరఫున ఒకామె వచ్చి ఇల్లు చూసి వెళ్ళింది. సాయంత్రం అపూర్వ వచ్చి చెప్పింది.

"అత్తయ్యా, మామ్మగారిని నర్సింగ్ హోమ్‌లో పెడతారట. సోమవారం అక్కడ రూమ్ ఖాళీ అవుతుందట. ఒంటరిగా ఉంటే ఆ భయంలో మళ్ళీ బకెట్ మోస్తుంది, మళ్ళీ పడుతుంది అంటున్నాడు గ్రెగ్. మీరే చెప్పారట కదా?"

నలభై ఏళ్ళుగా ఆవిడ ఉన్న ఇల్లు. నార్మన్ గారు నాటిన నిమ్మచెట్టు. నాలుగు రోజుల్లో అవన్నీ వదిలి వెళ్ళిపోవాలి. దానికి నా నోటిమాట సాక్ష్యం అయింది.

వెంటనే వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మం పక్కన బకెట్ లేదు. గ్రెగ్ దాన్ని షెడ్డులో బోర్లించి పెట్టాడు. మామ్మగారు కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. ముందు టీ కప్పు, చల్లారిపోయి మీగడ కట్టింది.

"రెండు రోజులుగా ఇంతే. ఏదైనా తింటోంది గానీ టీ ముట్టుకోదు. నా మీద కోపం," అన్నాడు గ్రెగ్.

కోపం కాదని నాకు ఆ కప్పు చూడగానే తెలిసింది. దేవుడికి దీపం పెట్టందే నేను కాఫీ ముట్టను. జ్వరం వచ్చినా అంతే. ఎవరో నా దీపం దాచేసి కాఫీ తాగమంటే నేనూ ఇలాగే కూర్చుంటాను. భయంతో చేసే పనికి ఇలాంటి కట్టుబాటు ఉండదు. ఇది నియమం. ఇన్నేళ్ళూ పక్కనే ఉండి, నేనే సరిగ్గా చూడలేదు.

ఆవిడ పక్కన కూర్చుని, మంచి చేతిని పట్టుకుని అడిగాను. "మామ్మగారూ, తప్పు నాది. మీకు భయమని మీవాడితో చెప్పాను. భయం కాదు కదా?"

ఆవిడ నా వంక తిరిగి అన్నారు, "భయమైతే మంట చూసి దూరంగా పరిగెత్తుతాను కదా, అమ్మా-సాన్? నేను మీ గ్యారేజీలోకి వచ్చాను."

గ్రెగ్ గుమ్మంలో ఆగిపోయాడు.

"మరి ఎందుకో మీవాడికి చెప్పండి. మీ భాషలో చెప్పండి, ఏ భాషలోనైనా చెప్పండి," అన్నాను. అపూర్వ కూడా వచ్చి కూర్చుంది. ఆవిడ ఇంగ్లీషులోనే చెప్పారు. అక్కడక్కడ జపాను మాటలు పడ్డాయి. నాకు అందనివి అపూర్వ తర్వాత సర్ది చెప్పింది.

హిరోషిమా పేరు లోకమంతా తెలుసు. దానికి అయిదు వారాల ముందే, జులై మొదటి రాత్రి, అమెరికా విమానాలు కురె మీద నిప్పు బాంబులు కురిపించాయి. ఇళ్ళన్నీ చెక్క, కాగితం. ఇంటి ముందు నీళ్ళ తొట్టి పెట్టుకోవాలని, మంటలు వస్తే పారిపోకుండా వరసగా నిలబడి బకెట్లు అందించుకుంటూ ఆర్పాలని ప్రభుత్వం ప్రతి వీధికీ నేర్పింది. ఇంటికొక మనిషి ఆ వరసలో ఉండి తీరాలి. హత్సుయే నాన్న నౌకల కర్మాగారంలో రాత్రి పనిలో ఉన్నాడు. అమ్మ చంటి తమ్ముణ్ణెత్తుకుని కొండలో తవ్విన సొరంగంలోకి వెళ్ళింది. ఇంటి తరఫున వరసలో నిలబడ్డది పన్నెండేళ్ళ హత్సుయే.

ఆమె పక్కన నిలబడ్డావిడ ఒకాడా అనే ఆయన భార్య. గోడకు గోడ ఇల్లు. ఆరేసిన బట్టల మీద బొగ్గు మసి పడిందన్న తగాదాతో ఆ ఇంటికీ ఈ ఇంటికీ రెండేళ్ళుగా మాటల్లేవు. ఆ రాత్రి కూడా బకెట్లు అందించుకున్నారే గాని ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మంటలు రెండు వైపుల నుంచీ వచ్చాయి. వరస చెదిరిపోయింది. తొట్టిలో అడుగు కనపడుతోంది. ఒకాడా గారి భార్య ముంచిన బకెట్టే ఆఖరిది. అప్పుడే ఆవిడ ఇంటి చూరుకు నిప్పంటుకుంది. ఇంకా చిన్నదే. ఒక బకెట్ చాలేమో.

"ఆవిడ చూరు వైపు చూసింది. నా వైపు చూసింది. బకెట్ ఎత్తి నా తల మీద పోసేసింది," అన్నారు మామ్మగారు.

బాంబుల నుంచి తల కాపాడుకోవడానికి ఆ రోజుల్లో పిల్లలందరికీ మెడ దాకా వచ్చే దూది టోపీలుండేవట. ఆ దూదంతా నీళ్ళు తాగింది. ఒకాడా గారి భార్య ఆ పిల్ల వీపు మీద ఒక్క చరుపు చరిచి, "సొరంగానికి వద్దు, పొలాల వైపు పరిగెత్తు!" అంది. రెండేళ్ళలో ఆవిడ మాట్లాడిన మొదటి మాట అది. హత్సుయే పరిగెత్తింది. నిప్పురవ్వలు మీద పడి ఆ తడి దూదిలో ఆరిపోతూ వచ్చాయి. తెల్లారాక తిరిగొస్తే వీధి లేదు. సొరంగంలో పొగ నిండిపోయి అమ్మ, తమ్ముడు ఇక లేరు. ఒకాడా గారి భార్య మళ్ళీ ఎవరికీ కనపడలేదు.

మామ్మగారు కొడుకు వైపు చూశారు. "నాకు ఒక బకెట్ నీళ్ళు ఇచ్చారు, గ్రెగ్. తన ఇంటికి పోసుకోకుండా ఇచ్చారు. నేను కూడా ఎవరికైనా ఇవ్వాలి కదా? ఎప్పుడు ఎవరికి కావాలో తెలియదు. అందుకని రోజూ నింపుతాను. డెబ్బై ఏళ్ళ పైన నింపాను." నా వైపు తిరిగి, కట్టు కట్టిన చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు. "తీరా ఒక్కసారి పోశాను. అదీ వీళ్ళ దేవుడి మీద."

అపూర్వ ఏడుస్తూనే నవ్వింది. నేను కూడా.

గ్రెగ్ తల్లి ముందు నేల మీద కూర్చున్నాడు. డెబ్బై దగ్గరపడ్డ మనిషి చిన్నపిల్లాడిలా అయిపోయాడు. "నాకెందుకు చెప్పలేదు మమ్? డాడ్‌కి తెలుసా?"

"మీ నాన్న కూడా యుద్ధంలో చూసినవి నాకు చెప్పలేదు. నేను బాగా అలిసిపోయిన పొద్దున అతనే కుళాయి విప్పేవాడు. నువ్వు ఎప్పుడూ 'మానెయ్' అనే అన్నావు. 'ఎందుకు' అని అడగలేదు."

మర్నాడు పొద్దున నేను దీపం వెలిగిస్తుంటే కుళాయి చప్పుడయింది. కిటికీలోంచి చూశాను. గ్రెగ్ బకెట్ నింపి, గుమ్మం దగ్గర పెట్టి, చేతులు దులుపుకుని నిలబడ్డాడు. మామ్మగారు బయటికొచ్చి చూసి, తల అడ్డంగా ఊపి, గోడ వైపు పడున్న పిడిని ఎడంచేత్తో వీధి వైపుకు తిప్పారు. తర్వాత లోపలికి వెళ్ళి టీ పెట్టమన్నారు. రెండు కప్పులు తాగారని గ్రెగ్ నాకు ఫోను చేసి మరీ చెప్పాడు.

అయినా నర్సింగ్ హోమ్ గది సంగతి తేలలేదు. అతను పెర్త్ వెళ్ళిపోతే బకెట్ ఎవరు మోస్తారు? అది అడగాల్సిన మాటా? మా గోడ పక్కనే కదా. నేను మోస్తాను, నాకు బాగోలేని రోజు సుమంత్ ఆఫీసుకు వెళ్ళేముందు మోస్తాడు అని చెప్పాం. గ్రెగ్ గుమ్మంలో కాలు జారని రబ్బరు చాప పరిపించాడు. పడితే నొక్కడానికి మెడలో వేసుకునే బటన్ ఒకటి తెచ్చాడు. అప్పుడు నర్సింగ్ హోమ్‌కు ఫోను చేసి ఆ గది ఇంకొకరికి ఇచ్చెయ్యమన్నాడు. ఆ మాట విన్నాక నేను ఇంటికొచ్చి స్వామి ముందు కొబ్బరికాయ కొట్టాను. నా నోటితో చేసిన తప్పును ఆయన ఎలాగో సరిదిద్దాడు.

కానీ మామ్మగారికి ఒక చిక్కు మిగిలింది. బకెట్ మొత్తం ఇంకొకరు నింపితే ఆవిడ ఇచ్చినట్టెలా అవుతుంది? ఆ బాధ ఆవిడ చెప్పలేదు, టీ కప్పు వైపు చూస్తూ కూర్చోవడంలోనే తెలిసింది. మా అత్తగారి నాటి రాగి చెంబు ఒకటి నా దగ్గరుంది. అది తీసుకెళ్ళి ఇచ్చాను. అప్పటినుంచీ నేను బకెట్ ఒక చెంబుడు తక్కువగా నింపి పెడతాను. ఆవిడ ఎడంచేత్తో ఆ ఒక్క చెంబూ పోస్తారు. పిడి తిప్పుతారు. టీ తాగుతారు. ఒకరోజు పొరపాటున నిండా నింపేశాను. ఆవిడ ఒక చెంబు తీసి నిమ్మచెట్టుకు పోసి, మళ్ళీ ఒక చెంబు పట్టి తెచ్చి పోశారు.

సెప్టెంబరుకు మణికట్టు అతుక్కుంది. మహాలయ అమావాస్య ఆదివారం వచ్చింది. సుమంత్ వాళ్ళ నాన్నకు, తాతలకు తర్పణాలు వదలడానికి వెనక వరండాలో కూర్చున్నాడు. రామానుజం గారు వచ్చారు. దర్భలు, నల్లనువ్వులు, ఇత్తడి పళ్ళెం. అదే వేళకు మామ్మగారు మా గిన్నె తిరిగివ్వడానికి వచ్చారు, అందులో చిలగడదుంపలు. రామానుజం గారిని చూడగానే గుర్తుపట్టి నడుము వంచారు. ఆయన తన పంచె చూపించి, "మళ్ళీ తెల్లగా అయింది మామ్మగారూ, భయపడకండి," అన్నారు.

"ఇవాళ నిప్పు లేదా?"

"లేదు. ఇవాళ అంతా నీళ్ళే."

కుర్చీ వేస్తే కూర్చున్నారు. సుమంత్ దోసిట్లోంచి బొటనవేలి పక్కగా నీళ్ళు జారుతుంటే రెప్ప వాల్చకుండా చూశారు. ఆ నీళ్ళు ఎవరికి అని అపూర్వను మెల్లగా అడిగారు.

"పోయినవాళ్ళకి మామ్మగారూ. మావయ్యగారికి, వాళ్ళ నాన్నగారికి, ఇంకా పైవాళ్ళకి."

"వాళ్ళ ఇంట్లోవాళ్ళకేనా?"

ఆ మాట రామానుజం గారి చెవిన పడింది. ఆయన మధ్యలో ఆగి ఆవిడకు ఇంగ్లీషులో ఓపిగ్గా చెప్పారు. ముందు ఇంటివాళ్ళకు. తర్వాత గురువులకు, స్నేహితులకు. అన్నీ అయ్యాక, ఇచ్చేవాళ్ళెవరూ మిగలని వాళ్ళకు కూడా. నిప్పులో పోయినవాళ్ళకు కూడా.

మామ్మగారు లేచి వాళ్ళింటికి వెళ్ళిపోయారు. మనసు కష్టపెట్టామేమో అని నేను అపూర్వ వైపు చూశాను. అంతలో కుళాయి చప్పుడేమీ లేకుండానే ఆవిడ తిరిగొచ్చారు. రెండు చేతుల్లో రాగి చెంబు, అంచుదాకా నీళ్ళు. ఒక్క చుక్క ఒలకకుండా అడుగులో అడుగేసుకుంటూ వచ్చి, సుమంత్ పక్కన దాన్ని జాగ్రత్తగా కింద పెట్టారు.

"సుమంత్-సాన్, అందరికీ అయిపోయాక ఒక్క దోసిలి ఒకాడా గారి భార్యకు వదులుతావా? సొంత పేరేమిటో నాకు తెలియదు, మేమెప్పుడూ అడగలేదు. పక్కింటావిడ అని చెప్పు. నీళ్ళు మాత్రం ఇవి పొయ్యి. నా బకెట్‌లోవి."